పదహారు వీసాలు: టీనేజ్ సాహస నవల ప్రాజెక్టు డైరీ

1వ వారం

పని: ఆస్తి కోసం చుట్టాలు పోటీపడే సాహస నవల. చదివేవాళ్ల వయసు 13 నుంచి 17. 36 అధ్యాయాలు, ఒక్కోటి 1,200 పదాల దగ్గర, మొత్తం 43,200. ఇంగ్లిష్‌లో ఈ వయసు పిల్లలకు వచ్చే నవలల పదాల లెక్కను తెచ్చి ఇక్కడ పెట్టుకుంటే పుస్తకం లావెక్కిపోతుంది. "వెళ్లలేకపోయానని" అన్నది మనకు ఒక్క పదం. అది మనసులో పెట్టుకునే లక్ష్యం తగ్గించాం.

కథ క్లుప్తంగా: జీవితమంతా సర్వేయరుగా పనిచేసిన 81 ఏళ్ల పెద్దావిడ పోయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. నాలుగు జట్లు, ఒక్కో జట్టులో ఒక పెద్ద, ఒక పిల్ల లేదా పిల్లాడు. కొండ అంచున ఇల్లు, వెనక తోట. గడువు 21 రోజులు. ఆస్తిని ఆవిడ పదహారు వీసాలుగా లెక్కగట్టింది. వీసం అంటే పదహారో వంతు, నాలుగు వీసాలు పాతిక. పుస్తకం పేరు కూడా ప్రస్తుతానికి అదే.

ఇలాంటి నవలకు వీలునామాయే ఇంజను. అందుకే మొదటి అధ్యాయం ముట్టుకోకుండా ముందు వీలునామా రాశాం. మొదటి ప్రతి ఒక పేజీ: "నేను దాచిన ఫీల్డు బుక్కు, అంటే సర్వే కొలతలు రాసుకున్న పుస్తకం, ఎవరికి దొరికితే ఆస్తి వాళ్లది." వినడానికి బాగుంది, కథగా మూడో రోజే చచ్చిపోతుంది. నలుగురూ కూర్చుని తలా పాతిక పంచుకుందాం అనుకుంటే ఆపేదేముంది? పెద్దకొడుకు కోర్టుకు వెళ్తే? డబ్బున్న అల్లుడు డిటెక్టివును పెట్టుకుంటే? ఎవరికీ దొరక్కపోతే? ఈ నాలుగు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా సగం పుస్తకం దగ్గర పాఠకుడే అడుగుతాడు. పద్నాలుగేళ్ల వాడు మరీ నిర్దయగా అడుగుతాడు.

2వ వారం

వీలునామా మూడో ప్రతి. ఇప్పుడు రెండున్నర పేజీలు, 11 షరతులు. నవలలో కనిపించేది అర పేజీయే, మిగతాది మా దగ్గర ఉండాల్సిన కాగితం.

పట్టు దొరికిన షరతు ఇది: మూడో రోజు సాయంత్రంలోపు తప్పుకునే జట్టుకు ఖాయంగా ఒక వీసం. ఆ గడువు దాటి ఆటలో ఉండి ఓడితే సున్నా. గెలిచిన జట్టుకు మిగిలినదంతా. కోర్టుకెక్కిన జట్టు ఆ ఒక్క వీసం కూడా పోగొట్టుకుంటుంది. కోర్టుకు వెళ్తే వాటా పోతుందన్న షరతుకు పదును రావాలంటే, పోగొట్టుకోవడానికి ముందు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఏమీ రాదని తెలిసిన మనిషి కోర్టుకు వెళ్తే కొత్తగా పోయేదేముంది? మొదటి ప్రతిలో ఆ తప్పే జరిగింది.

పంచుకుందాం అన్న ఒప్పందాన్ని షరతులతో ఆపలేం. ఎన్ని రాసినా చాటుగా చేతులు కలుపుతారు. ఆ చిక్కు కాగితం మీద తీరేది కాదు, మనుషుల కోరికల దగ్గర తీరాలి. పెద్దకొడుకుకి ఇల్లు అమ్మాలి. చిన్నకూతురికి అదే ఇంట్లో ఉండాలి. ఒకే ఇంటిని అమ్మి, అందులోనే ఉండడం కుదరదు కాబట్టి తలా పాతిక అన్న మాట దగ్గరే పొత్తు విరుగుతుంది. అందరికీ డబ్బే కావాలి అని మొదలుపెడితే ఈ రకం కథ నిలవదు.

నిజం వీలునామాలు చూస్తే కల్పన చిన్నబోతుంది. టొరంటోలో చార్లెస్ వాన్స్ మిల్లర్ అనే లాయరు 1926లో పోతూ, పదేళ్లలో ఆ నగరంలో ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లికి ఆస్తిలో పెద్ద భాగం రాశాడు. బంధువులు కోర్టుకెక్కారు, వ్యవహారం కెనడా సుప్రీంకోర్టు దాకా పోయింది, వీలునామాయే నిలిచింది. తొమ్మిదేసి మంది పిల్లలున్న నలుగురు తల్లులు పంచుకున్నారు. మిషిగన్ కలప వ్యాపారి వెల్లింగ్టన్ బర్ట్ 1919లో పోయాడు. తాను బతికుండగా పుట్టిన మనవల్లో ఆఖరివాళ్లు పోయిన 21 ఏళ్లకు గానీ ఆస్తి పంచకూడదన్నాడు. ఆఖరి మనవరాలు 1989లో పోయింది, గడువు 2010లో తీరింది, 12 మందికి దక్కింది. సస్కాచెవాన్‌లో సెసిల్ జార్జ్ హారిస్ అనే రైతు 1948 జూన్ 8న ట్రాక్టరు కింద ఇరుక్కుపోయి, దాని ఫెండరు మీద జేబుకత్తితో ఆస్తంతా భార్యకని గీశాడు. కోర్టు ఆ రేకును వీలునామాగా ఒప్పుకుంది.

ఈ మూడింటిలో మాకు పనికొచ్చింది మూడోది. వీలునామా అంటే స్టాంపు కాగితమే కానక్కర్లేదన్న సంగతి 31వ అధ్యాయానికి మలుపు ఇచ్చింది. అదేమిటో ఇక్కడ చెప్పం.

ఒక హెచ్చరిక. కథ జరిగే దేశం పేరు పుస్తకంలో రాయకపోయినా, ఏ తరహా చట్టం నడుస్తుందో రచయిత తేల్చుకోవాలి. ఫ్రాన్స్‌లో ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలుంటే ఆస్తిలో నాలుగింట మూడు వంతులు చట్టప్రకారం వాళ్లదే. అలాంటి చోట గెలిచినవాడికే అంతా అన్న పోటీ పుట్టదు. ఇంగ్లండ్ 1837 వీలునామాల చట్టంలో ఇంకో ముక్క ఉంది: వాటా పొందాల్సిన మనిషి సాక్షి సంతకం పెడితే వీలునామా చెల్లుతుంది, ఆ మనిషి వాటా మాత్రం పోతుంది. చిన్నల్లుడు ఉత్సాహంగా ముందుకొచ్చి సంతకం పెట్టే సీను ఇక్కడి నుంచే వచ్చింది.

3వ వారం

వంశవృక్షం. మొదట 16 మంది. చదివిన ముగ్గురూ ఎవరు ఎవరి కొడుకో రెండో అధ్యాయంలోనే మర్చిపోయారు. తొమ్మిదికి తగ్గించాం: ఎనిమిది మంది ఆటగాళ్లు, వీలునామా అమలు చేసే ముసలి ప్లీడరు ఒకరు. మిగతావాళ్లు ఫోన్లో గొంతులు.

వయసుల పట్టిక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాక బయటపడిన తప్పు: వయసులు మాత్రమే వేసుకుని నెలలు వెయ్యలేదు. ఒక పుట్టినరోజు సీను రాశాక రెండో కొడుక్కీ మూడో బిడ్డకీ ఏడు నెలలే తేడా వచ్చింది. ప్రతి పాత్రకూ పుట్టిన ఏడాది, నెల రెండూ ఉండాలి. పోటీ జరిగే 21 రోజుల్లో ఎవరి పుట్టినరోజైనా పడుతుందేమో కూడా చూసుకోవాలి. పదిహేడు నిండి పద్దెనిమిది వస్తే జట్టు నియమమే మారిపోతుంది.

వరసలే ఈ నవలకు తెలుగు ఇచ్చిన ఆస్తి. ఇంగ్లిష్‌లో అందరూ అంకులే. మనకు మామయ్య అన్న మాట వినే మనిషిని బట్టి వేరే వాళ్ల వైపు చూపిస్తుంది. నాలుగు జట్లకూ పెద్దావిడ తలా ఒక కవరు వదిలింది. ఒక కవర్లో "ఈ ఇంట్లో పుట్టిన మీ మామయ్యను అడగండి" అని ఉంది. కూతుళ్ల పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది, అమ్మ తమ్ముడో అన్నో ఆ ఇంట్లోనే పుట్టాడు. అదే కవరు కొడుకు కొడుకైన అభి చేతికి వచ్చింది. అభికి మామయ్యలంటే మేనత్తల మొగుళ్లు, అమ్మ అన్నదమ్ములు. వాళ్లలో ఎవరూ ఆ ఇంట్లో పుట్టలేదు. అంటే ఉత్తరం అభికి రాసింది కాదు, ఎవరో కవర్లు మార్చేశారు. 9వ అధ్యాయం మొత్తం ఈ ఒక్క మాట మీద నడుస్తుంది.

దీన్ని నిలబెట్టడానికి మూడు మరమ్మతులు పట్టాయి. ఉత్తరం కింద మొదట "మీ అమ్మమ్మ" అని ఉంది. అలా ఉంటే అభి ఆ రెండు మాటలు చూసి చెప్పేస్తాడు, తనకు ఆవిడ నానమ్మ కదా. సంతకం పేరుతో మాత్రమే పెట్టాం. రెండోది, కథ చెప్పే గొంతు ఆవిణ్ని అమ్మమ్మ అనాలా, నానమ్మ అనాలా? ఏది అన్నా ఒక పక్షం తీసుకున్నట్టే. కథనంలో "పెద్దావిడ" అని స్థిరపడ్డాం, వరసలన్నీ సంభాషణల్లోనే. మూడోది అసలు ప్రమాదం: మేనరికం. కొడుకుల్లో ఒకడు దగ్గరి చుట్టరికంలో చేసుకుని ఉంటే, అతని బావమరిది అదే ఇంట్లో పుట్టి ఉండొచ్చు, తర్కం కూలిపోతుంది. కోడళ్లిద్దరూ బయటి సంబంధాలని 2వ అధ్యాయంలో ఒక వాక్యం వేశాం. ఆ వాక్యం ఏ ప్రాముఖ్యం లేనట్టు కనపడాలి. మొదటిసారి రాసినప్పుడు మరీ బోర్డు కట్టినట్టుంది.

5వ వారం

గుప్తలిపులు. నాలుగు అక్షరాలు ముందుకు జరిపే మామూలు పద్ధతిని తెలుగులోకి తేవాలని చూస్తే ఒత్తులు, గుణింతాలు అడ్డం పడతాయి. దాన్ని వదిలేసి మన వర్ణమాలనే చూస్తే పని సగం అయిపోయి ఉంది. క నుంచి మ వరకు వర్గాక్షరాలు 25, అయిదు వరసలు, వరసకు అయిదు. ఇంగ్లిష్‌వాళ్లు అయిదుకు అయిదు గళ్ల చదరంలో 26 అక్షరాలు ఇరికించడానికి రెండింటిని కలపాల్సి వస్తుంది. మనకు చదరం బడిలో గోడ మీదే ఉంది. వరస సంఖ్య, గడి సంఖ్య రాస్తే క 11, డ 33, ప 51. య ర ల వ శ ఆరో వరస, ష స హ ళ ఱ ఏడో వరస.

తప్పు ఎక్కడ జరిగిందంటే, గుణింతాలు వదిలేశాం. క్లూ: 51 33 11. జవాబు "పడక", అంటే మంచం కింద వెతకాలి. పరీక్షకు ఇచ్చిన ఇద్దరు పిల్లలు "పిడక" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. అచ్చు గుర్తుకు మూడో అంకె చేర్చాం: అ 1, ఆ 2, ఇ 3, అలా వరసగా. ఇప్పుడు పడక 511 331 111, పిడక 513 331 111. గుణింతాల్ని బయటే వదిలి హల్లుల్ని మాత్రమే అంకెలు చేసే పద్ధతి ఇంకోటి ఉంది కానీ అది మరీ తేలిక. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, చివర లు, కు, ని, లో పదేపదే వస్తాయి. కాస్త తెలివైన పిల్ల పది నిమిషాల్లో ఆ అక్షరాలు పట్టేసి మిగతాది లాగేస్తుంది. 6వ అధ్యాయంలో తొలి క్లూకి ఆ తేలికదే వాడాం, పాఠకుడు పాత్రల కంటే ముందు గెలిచే చోటు ఒకటి ఉండాలి కదా.

పెద్ద పెట్టె తాళానికి కటపయాది, అంటే అక్షరాలకు అంకెలిచ్చే పాత పద్ధతి. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8, ళ 9. అంకెలు వచ్చాక కుడి నుంచి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాల (వరస సంఖ్యలున్న మూలరాగాల) పేర్లు ఈ లెక్కతోనే ఉన్నాయి: మాయామాళవగౌళలో మ 5, య 1, తిప్పితే 15, అది 15వ మేళకర్త. మేచకల్యాణి 65, అదే తీరు.

ఒత్తు వచ్చిన చోట మాత్రం ఈ పేర్లే ఒక్క తాటి మీద లేవు. రత్నాంగి 2వ మేళకర్త కాబట్టి "త్నా"లో న తీసుకోవాలి. చక్రవాకం 16వది కాబట్టి "క్ర"లో క తీసుకోవాలి. ఒకచోట కింది అక్షరం, ఒకచోట పై అక్షరం. సంగీతం వచ్చిన పాఠకులు దీని మీద పట్టుకుంటారని ముందే తెలుసు. అందుకే ఒత్తు ఉన్న మాట ఏదీ తాళానికి వాడొద్దని నియమం పెట్టుకున్నాం, మాయామాళవగౌళలో కూడా మొదటి రెండక్షరాలే చూపించాం.

మొదటి తాళం మాట "తలుపు". త 6, ల 3, ప 1, తిప్పితే 136. పరీక్షించిన పిల్లల్లో ఒకడు లిపి జోలికే పోలేదు. "మూడంకెల తాళమేగా, అన్నీ తిప్పుతా" అన్నాడు. నిజమే. వెయ్యి సంఖ్యలు, ఒక్కోదానికి మూడు సెకన్లు, 50 నిమిషాల్లో అయిపోతుంది. పుస్తకంలో 80 పేజీలు మోసుకొచ్చిన తాళాన్ని గంటలోపు బలవంతంగా తీసేయగలిగితే ఇక క్లూ ఎందుకు? మాటను "తలుపులు" చేశాం: 6, 3, 1, 3, తిప్పితే 3136. నాలుగంకెలకు పదివేల సంఖ్యలు, అదే వేగంతో ఎనిమిది గంటల పైచిలుకు. రాత్రి కాపలా ఉన్న ఇంట్లో అది కుదరదు.

తిప్పి చదవాలన్నది పిల్లలకు ఎలా తెలియాలి? ఊహించమనడం అన్యాయం. 8వ అధ్యాయంలో పాత డబ్బాల వరస ఉంది. "మాయ" అని రాసిన డబ్బా మీద 15 అంకె చెరిగీ చెరగకుండా ఉంటుంది. అక్కడ 51 అని ఎందుకు లేదో ఒక పాత్ర గొణుగుతుంది. అది చాలు.

పుస్తకంలో పేజీ, వరస, మాట లెక్కతో నడిచే గుప్తలిపి పక్కన పెట్టేశాం. 1885లో అచ్చయిన బీల్ గుప్తలిపుల్లో రెండోది అమెరికా స్వాతంత్ర్య ప్రకటనతోనే విడిపోయింది. విడిపోయాక చూస్తే రాసినాయన మాటలు లెక్కపెట్టడంలో తప్పులు చేసి ఉన్నాడు. మిగతా రెండూ ఇంకా తేలలేదు. తెలుగులో ఈ బాధ రెట్టింపు. ఒక అచ్చులో "చేసి ఉన్నాడు" రెండు మాటలు, ఇంకో అచ్చులో "చేసివున్నాడు" ఒకటే మాట. సంధి కలిపిన కొద్దీ లెక్క జరిగిపోతుంది.

7వ వారం

తోటలో వెతుకులాట. ముందు రాసుకున్న క్లూ: "జెండా రాయి నుంచి 40 డిగ్రీల దిక్కులో 200 అంగలు." అయస్కాంత ఉత్తరం ఏళ్లు గడిచే కొద్దీ జరుగుతుంది, 50 ఏళ్ల నాటి కంపాసు దిక్కుతో ఇప్పుడు వెళ్తే గురి తప్పుతుంది అన్నది మలుపు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. లెక్క వేశాక నీరుగారిపోయింది. 150 మీటర్ల దూరంలో రెండు డిగ్రీల తేడా అంటే 5 మీటర్ల చిల్లర పక్కకు జరగడం. పెద్దవాళ్ల అంగ 75 సెంటీమీటర్లు, పిల్లదాని అంగ 60 అనుకుంటే 200 అంగలకు 30 మీటర్ల తేడా వస్తుంది. పెద్ద తప్పు చిన్న తప్పును మింగేసింది, మలుపు ఎవరికీ కనపడదు.

పరిష్కారం పాత్ర దగ్గరే దొరికింది. ఆవిడ సర్వేయరు. అంగలతో కొలిచే మనిషి కాదు. క్లూ మారింది: "ఏడున్నర గొలుసులు." గంటర్ గొలుసు 66 అడుగులు, వంద లింకులు; ఏడున్నర గొలుసులంటే 495 అడుగులు, అంటే దాదాపు 151 మీటర్లు. అటకమీద తుప్పు పట్టిన గొలుసు ఎందుకుందో 4వ అధ్యాయం నుంచి ఎవరికీ అర్థం కాని ప్రశ్న ఇక్కడ తీరుతుంది. ఇప్పుడు దూరం ఖాయం, 5 మీటర్ల పక్క తేడా కథలో పనిచేస్తుంది. పాత మ్యాపు మార్జిన్లో ఏడాదీ, దిక్కు తేడా, అది ఏడాదికి ఎంత జరుగుతుందో అచ్చేసి ఉంటాయి. పోటీలో ఉన్న పిల్లల్లో ఒకరైన నీలు ఆ మార్జిన్ చదువుతుంది, ఆమె పెదనాన్న చదవడు. అయిదు మీటర్ల వ్యాసార్ధంలో వలయం అంటే 78 చదరపు మీటర్లకు పైనే. అంతా తవ్వుకుంటూ పోవడం ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు కాబట్టి చదివినవాళ్లే గెలుస్తారు.

చెట్టుకు కొట్టిన మేకు గురించి డ్రాఫ్ట్‌లో ఒక తప్పు పోయింది. "చెట్టుతో పాటు మేకు కూడా పైకి పోయింది" అని రాశాం. చెట్టు పెరిగేది కొమ్మల చివర, మాను లావెక్కుతుందంతే. నలభై ఏళ్ల క్రితం ఛాతీ ఎత్తులో కొట్టిన మేకు ఇప్పటికీ అదే ఎత్తులో ఉంటుంది, కాకపోతే బెరడు దాన్ని మింగేసి ఉంటుంది. అలా దిద్దాక సీను ఇంకా బాగుపడింది. పిల్లలు పైకి చూస్తూ తిరుగుతుంటే మేకు వాళ్ల మోచేతి పక్కనే బెరడు కింద బుడిపెలా ఉంది.

నీడ క్లూ ఎక్కువ రోజులు తీసుకుంది. "పన్నెండింటికి స్తంభం నీడ చూపే చోట" అనేది అరిగిపోయిన వాక్యం, పైగా తప్పు. గడియారం పన్నెండుకూ సూర్యుడు నడినెత్తిన ఉండే వేళకూ పొత్తు కుదరదు. రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే నాలుగు నిమిషాలు, ఆ పైన ఏడాదిలో రోజును బట్టి ఫిబ్రవరిలో 14 నిమిషాల వెనకబాటు, నవంబరులో 16 నిమిషాల ముందంజ దాకా పోతుంది. నీడ పొడవు కూడా తేదీని బట్టే. ఏప్రిల్ 20 దరిదాపుల్లో సూర్యుడు ఉన్న ఎత్తుకు మళ్లీ ఆగస్టు 22, 23 నాటికి వస్తాడు. పోటీ 21 రోజులు ఆ రెండింటిలో ఒకదాని మీద పడాలి. కథను ఆగస్టు 8న మొదలుపెట్టి 28న ముగిసేలా సర్దాం.

దిక్కు కోసం శంకువు పద్ధతి తెచ్చాం. చదును నేల మీద నిలువు కర్ర, దాని మొదలు కేంద్రంగా తాడుతో ఒక వలయం. పొద్దున నీడ కొస వలయం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర గీత. గడియారం అక్కర్లేదు, కంపాసు అక్కర్లేదు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఎప్పుడుందని కళ్లు చించుకోనక్కర్లేదు (ఆ క్షణం దగ్గర నీడ కదలికే తెలియదు, ప్రయత్నించి చూడండి). కథకు ఇందులో ఉన్న అసలు లాభం వేచి ఉండడం. పొద్దుట గుర్తు పెట్టాక నాలుగైదు గంటలు కర్ర కదలకుండా కాపలా కాయాలి. పోటీ జట్టు వాడు "అయ్యో, చూసుకోలేదు నీలూ" అంటూ కాలితో తన్నడానికి అంతకంటే మంచి వేళ ఉండదు. మబ్బు పట్టడం కూడా వాడుకున్నాం, కానీ ఒక్కసారే. రెండోసారి మబ్బు పడితే రచయిత చెయ్యి కనపడుతుంది.

ఫోన్ల గురించి. సిగ్నల్ లేని చోట కథ పెట్టడం పాతబడిపోయిన దారి. పిల్లల చేతిలో ఫోన్లు ఉంచాం. కటపయాది వెతికితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది, తెలియనీ. గొలుసు లాగడం, కర్ర దగ్గర కూర్చోవడం ఫోను చెయ్యదు. తాళం, లిపి కథ మొదటి సగంలో, ఒంటితో చేసే పనులు రెండో సగంలో అని వరస మార్చాం.

10వ వారం

డ్రాఫ్ట్ 24,600 పదాలు. 21 అధ్యాయాలు. ఇందులో 12 అధ్యాయాల్లో చిక్కుముడి ఉంది. అదే రోగం. వరసగా మూడు చిక్కుముడులు చదివాక చుట్టాలు ఎవరో మర్చిపోతాం, పరీక్ష పేపరు చదువుతున్నట్టుంటుంది. నాలుగు తీసేశాం. ఉంచిన ప్రతి చిక్కుముడికీ ఒక ప్రశ్న: ఇది విడిపోయాక ఎవరి మధ్య ఏం మారింది? నిమ్మరసంతో కనపడకుండా రాసిన ఉత్తరం ఆ ప్రశ్నకు జవాబు లేక పోయింది. పోతూ పోతూ ఒక సంగతి నేర్పింది: ఎల్‌ఈడీ బల్బు దగ్గర పెడితే నిమ్మరసం రాత గోధుమరంగు తిరగదు, ఆ వేడి చాలదు. పాత ఫిలమెంటు బల్బో, ఇస్త్రీ పెట్టో కావాలి. పైగా దశాబ్దాలు అలా పడి ఉన్న కాగితం మీద ఆ రాత దానంతట అదే కాస్త గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, రహస్యం అంతా కాగితమే చెప్పేస్తుంది.

బావి సీను పూర్తిగా తీసేశాం. అభి దీపం పట్టుకుని పాడుబడ్డ బావిలోకి దిగడం, దీపం వెలుగుతోంది కాబట్టి గాలి మంచిదే అనుకోవడం. దీపం వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని కాదు. చాలాకాలం మూసి ఉన్న బావిలో దిగినవాళ్లు, వాళ్లను తీయడానికి దిగినవాళ్లు వరసగా పోయిన ఘటనలు జరుగుతూనే ఉంటాయి. ఇది పదమూడేళ్ల వాళ్లు చదివే పుస్తకం. పాత్ర బతికిపోతే పాఠం తప్పు, చనిపోతే పుస్తకం వేరే అయిపోతుంది. ఫీల్డు బుక్కు ఉన్న రేకు డబ్బాను తాడుతో పైకి లాగే సీను వచ్చింది దాని బదులు, ఎవరూ లోపలికి దిగరు. ఉత్కంఠ తగ్గలేదు, తాడు తెగేదాకా వచ్చే పాతిక వాక్యాలు సరిపోయాయి.

పెద్దకొడుకు దుర్మార్గుడు అయిపోయాడు, అదీ రోగమే. అతనికి ఇల్లు ఎందుకు అమ్మాలో 14వ అధ్యాయం దాకా చెప్పలేదు. చెప్పాక చదివినవాళ్లు అతని వైపు తిరిగారు. ఆ కారణాన్ని 7వ అధ్యాయానికి తెచ్చాం. పోటీలో నలుగురిదీ న్యాయమే అనిపించినప్పుడే ఎవరు గెలుస్తారో చూడాలనిపిస్తుంది.

13వ వారం

పూర్తి డ్రాఫ్ట్ 44,900 పదాలు. చదవడానికి ఆరుగురు పిల్లలు, 13 నుంచి 16 ఏళ్లు. ఒక్కొక్కరికీ మూడు కవర్లు: పది అధ్యాయాలు చదివి ఒకటి విప్పాలి, అందులో ప్రశ్నలు రెండే. ఇప్పుడు ఎవరు గెలుస్తారనుకుంటున్నావు? ఎక్కడ పక్కన పెట్టేశావు? "నచ్చిందా" అని అడగకూడదు, అందరూ నచ్చిందనే అంటారు.

పక్కన పెట్టేసిన చోటు ఆరుగురిలో నలుగురికి ఒకటే, 17వ అధ్యాయం. ప్లీడరు షరతులన్నీ మళ్లీ చదివే సీను. 1,400 పదాల నుంచి 300కు కోశాం. గొలుసు లెక్క ఎవరికీ బరువనిపించలేదు, ముగ్గురు కర్ర పాతి చూశారు కూడా.

క్లూల ఖాతా మళ్లీ సరిచూసుకున్నాం. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి చిక్కుముడికీ ఒక వరస: జవాబుకు కావలసిన వస్తువులు, ఒక్కోటి మొదట కనపడిన అధ్యాయం, విడిపోయిన అధ్యాయం. నియమం ఏమిటంటే కనీసం రెండు అధ్యాయాల ముందు కనపడి ఉండాలి. అన్నీ నిలిచాయి, పాత మ్యాపు మార్జిన్ తప్ప. అది విడిపోయే అధ్యాయంలోనే మొదటిసారి కనిపిస్తోంది. 5వ అధ్యాయంలో నీలు టీ కప్పు కింద ఆ మ్యాపే పెట్టేసి తిట్లు తినేలా చేశాం. కప్పు మచ్చ సరిగ్గా మార్జిన్ పక్కన పడింది.

ఇక పేరు. ఆరుగురిలో అయిదుగురు "పదహారు వీసాలు" అంటే పాస్‌పోర్టు కథ అనుకున్నారు. ఒకమ్మాయి పదహారు దేశాలు తిరుగుతారని చదవడం మొదలుపెట్టిందట. వీసం అన్న మాట తెలిసినవాళ్లు ఈ పుస్తకం చదివే వయసులో లేరు. పుస్తకం లోపల మాట ఉంచాం, ప్లీడరు ఒక లైనులో అర్థం చెబుతాడు, పెద్దకూతురు కొడుకు అదే పాస్‌పోర్టు జోకు వేస్తాడు. అట్ట మీద మాత్రం వద్దు.

15వ వారం

అచ్చుకు ముందు పేజీల అమరిక. పాత నాన్-యూనికోడ్ ఫాంటులోకి మార్చినప్పుడు గుప్తలిపి పట్టికలో ఱ, ఙ, ఞ మూడూ ఖాళీ గళ్లయ్యాయి. మామూలు కథలో ఎవరూ గమనించరు, ఇక్కడ పట్టిక తప్పితే క్లూ తప్పుతుంది. పట్టికలు రెండూ బొమ్మలుగా పెట్టించాం. అంకెల వరసలు పంక్తి చివర విరగకుండా చూసుకోవాలి: 511 ఒక లైనులో, 331 కింది లైనులో పడితే ఫర్వాలేదు కానీ 51 పైన, 1 కింద పడితే పాఠకుడు వేరే మాట చదువుతాడు. అక్షరాల లెక్కకు కంప్యూటరును నమ్మొద్దు. "తలుపులు" మనకు నాలుగక్షరాలు, స్ప్రెడ్‌షీట్ ఏడు అంటుంది, కొమ్ముల్ని కూడా విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. తాళం అంకెలు చేత్తోనే సరిచూశాం, ఇద్దరు మనుషులు విడివిడిగా.

మిగిలినవి: 22వ అధ్యాయంలో ఆగస్టు 19 వారం పేరు సరిచూడాలి, చిన్నల్లుడు సాక్షి సంతకం పెట్టిన పెన్ను ఒకచోట నలుపు, ఇంకోచోట నీలం, 31వ అధ్యాయం చివరి పేరా ఇంకా పొడవే.

కొత్త పేరు ఖాయమైంది: "తలుపులు". పెద్ద పెట్టె ఎలా తెరుచుకుంటుందో పాఠకుడు మొదటి రోజు నుంచీ చేతిలో పట్టుకునే తిరుగుతాడు.